తడి గరిటె, క్రీము డబ్బా: సౌందర్య సాధనాల్లో సూక్ష్మజీవులు, వాటిని ఆపే నిల్వకారకాలు



ఈ పాఠాన్ని ఆవకాయ జాడీతో మొదలుపెడదాం. జాడీలో తడి గరిటె పెడితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. "తడి తగిలితే బూజు పడుతుంది" అని కేకలేస్తారు. ఆ మాట చెప్పే అమ్మమ్మ సూక్ష్మజీవశాస్త్రం చదివి ఉండకపోవచ్చు. అయినా ఆమె చెప్పింది అక్షరాలా శాస్త్రమే. ఉప్పు, నూనె, కారం నిండిన పచ్చడిలో సూక్ష్మజీవులకు అందే నీరు చాలా తక్కువ. తడి గరిటెతో మనం రెండు పనులు ఒకేసారి చేస్తాం. కావలసిన నీరు ఇస్తాం, ఆ నీటితోబాటు కొన్ని సూక్ష్మజీవులనూ లోపలికి పంపుతాం.

ఇప్పుడు అదే ఇంట్లో స్నానాల గదిలోకి వెళ్దాం. షాంపూ సీసా అడుగుకు వచ్చింది. మనం ఏం చేస్తాం? కాసిని నీళ్లు పోసి, మూత బిగించి, గిలకొట్టి ఇంకో నాలుగు రోజులు వాడతాం. నేను పాఠం చెప్పే రోజుల్లో హాస్టలు అమ్మాయి ఒకరు అలాంటి సీసా తెచ్చి చూపించింది. మూడుసార్లు నీళ్లు పోశానని, ఇప్పుడు ఏదో వాసన వస్తోందని, "కంపెనీ వాళ్లు మోసం చేశారా మేడమ్?" అని అడిగింది. కంపెనీ మోసం చేయలేదు. ఆవకాయ జాడీకి పాటించిన నియమాన్ని షాంపూ సీసాకు పాటించలేదు, అంతే.

ఆ సీసాలో ఏం జరిగింది? కొత్త సీసా నెలల తరబడి ఎందుకు పాడవలేదు? నీళ్లు కలిపాక ఎందుకు పాడయింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

సీసాలో ఏముంది?

ముఖానికి రాసుకునే మామూలు క్రీములో సగానికి పైగా నీరే ఉంటుంది. చాలా లోషన్లలో అది మూడొంతుల దాకా ఉంటుంది. నూనెను, నీటిని విడిపోకుండా కలిపి ఉంచే ఈ మిశ్రమాన్ని ఎమల్షన్ అంటాం. ఇందులో నూనెలు, కొవ్వు ఆమ్లాలు, గ్లిజరిన్, ప్రొటీన్లు, మొక్కల సారాలు, చిక్కదనం కోసం వేసే జిగురు పదార్థాలు ఉంటాయి. మన చర్మానికి మంచివని వేసిన ఈ పదార్థాల్లో చాలా వరకు సూక్ష్మజీవులకు ఆహారమే. నీరుంది, తిండి ఉంది, గది వేడి ఉంది. బాక్టీరియాకు ఇంకేం కావాలి?

ఇక్కడ ఒక ముఖ్యమైన భావన తెలుసుకోవాలి. దాని పేరు జల క్రియాశీలత. ఒక పదార్థంలో మొత్తం ఎంత నీరుందన్నది కాదు, సూక్ష్మజీవి వాడుకోవడానికి వీలుగా ఎంత నీరుందన్నది ముఖ్యం. స్వచ్ఛమైన నీటికి ఈ విలువ 1. చాలా బాక్టీరియాలకు పెరగడానికి 0.9 కంటే ఎక్కువ కావాలి. చర్మం మీద ఉండే స్టెఫైలోకోకస్ ఆరియస్ మాత్రం 0.86 దాకా తట్టుకుంటుంది. కొన్ని బూజులు ఇంకా తక్కువలోనూ బతుకుతాయి. ఉప్పు, చక్కెర, గ్లిజరిన్ వంటివి నీటిని తమ దగ్గర పట్టి ఉంచి ఈ విలువను తగ్గిస్తాయి. ఆవకాయలో ఉప్పు చేసే పని ఇదే.

ఈ భావన తెలిస్తే మన ఇళ్లలోని పాత అలవాట్లు కొన్ని అర్థమవుతాయి. సున్నిపిండిని పొడిగా డబ్బాలో దాచి, స్నానానికి ముందు కావలసినంత మాత్రమే తడిపేవారు. తడిపినది మిగిలితే మర్నాటికి దాచేవారు కాదు. ఆముదం దీపం మీద మసి పట్టి, అందులో ఆముదమో నెయ్యో కలిపి కాటుక చేసేవారు. దానిలో నీరు లేదు. అందువల్ల అందులో బాక్టీరియా పెరగడం కష్టం. కానీ పెరగకపోవడం వేరు, బతికి ఉండడం వేరు. ఒకరి కంటి నుంచి వేలి ద్వారా వచ్చిన బాక్టీరియా ఆ కాటుకలో కొంతకాలం బతికి ఉండి, మరొకరి కంటికి చేరవచ్చు. ఈ తేడాను గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

సూక్ష్మజీవులు ఎక్కడి నుంచి వస్తాయి?

రెండు దారులున్నాయి. మొదటిది కర్మాగారం. వాడే నీరు, మొక్కల సారాలు, పొడులు, గొట్టాలు, ట్యాంకులు, పనిచేసేవారి చేతులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వీటిలో నీటిది పెద్ద పాత్ర. గొట్టాల లోపలి గోడలకు బాక్టీరియా జిగురు పొరలా అతుక్కుని ఉంటుంది. దాన్ని జీవపొర అంటాం. పైపైన కడిగితే అది పోదు.

రెండో దారి మనమే. డబ్బా మూత తీసిన ప్రతిసారీ వేళ్లతో, గాలితో, బ్రష్‌తో, స్పాంజితో, నీటి చుక్కలతో సూక్ష్మజీవులు లోపలికి వెళతాయి.

సౌందర్య సాధనాలు ఇంజక్షన్ మందుల్లాగా పూర్తి సూక్ష్మజీవరహితంగా ఉండనక్కరలేదు. మన చర్మమే సూక్ష్మజీవుల నివాసం కదా! అయితే హద్దు ఉండాలి. 2014లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 17516 ప్రమాణం ప్రకారం మామూలు ఉత్పత్తుల్లో గ్రాముకు 1,000కి మించి జీవించి ఉన్న సూక్ష్మజీవులు ఉండకూడదు. కంటి దగ్గర, శ్లేష్మ పొరల మీద వాడేవాటిలో, మూడేళ్లలోపు పిల్లలకు వాడేవాటిలో ఈ హద్దు 100 మాత్రమే. అంతేకాక నాలుగు సూక్ష్మజీవులు ఒక గ్రాములో అసలు కనిపించకూడదు. అవి ఎషరీషియా కోలై, సూడోమోనాస్ ఎరుజినోసా, స్టెఫైలోకోకస్ ఆరియస్, కాండిడా ఆల్బికాన్స్. మొదటి మూడూ బాక్టీరియాలు, నాలుగోది ఈస్టు. మన దేశంలో సౌందర్య సాధనాల సూక్ష్మజీవ పరీక్షలకు భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐ.ఎస్. 14648 అనే ప్రమాణం ఉంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం వీటికి వర్తిస్తుంది. 2020లో సౌందర్య సాధనాలకే ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక బాక్టీరియా కణం గంటకొకసారి రెండుగా చీలుతుందనుకోండి. పది గంటలకు 1,024 కణాలవుతాయి. ఇరవై గంటలకు పది లక్షలు దాటతాయి. అంటే రాత్రి వేలితో పాటు వెళ్లినవి కొన్నే అయినా, వాటిని ఆపేది లోపల ఏదీ లేకపోతే మర్నాటి సాయంత్రానికి పరిస్థితి పూర్తిగా మారిపోగలదు.

ఇది నిజంగా ప్రమాదమా?

ఆరోగ్యంగా ఉన్నవారి చర్మం గట్టి కోట వంటిది. అందుకే కలుషితమైన క్రీము రాసుకున్న వారందరికీ జబ్బు చేయదు. కోటకు గండి పడిన చోట, కోటే బలహీనంగా ఉన్న చోట ప్రమాదం మొదలవుతుంది. వైద్య చరిత్రలో నమోదైన మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది 1967లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. ఒక ఆసుపత్రిలో రోగుల రక్తంలోకి క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా చేరింది. ఎక్కడి నుంచి వస్తోందని వెతికితే, సిబ్బంది చేతులకు రాసుకునే క్రీము పెట్టెలో అది దొరికింది. చేతులు శుభ్రంగా కడుక్కున్నాక, చర్మం పొడిబారకుండా రాసుకున్న క్రీమే బాక్టీరియాను చేతులకు అంటించింది.

రెండోది 1977 నాటిది. అమెరికాలో లూయీ విల్సన్, డొనాల్డ్ అహెర్న్ అనే పరిశోధకులు కంటి రెప్పల వెంట్రుకలకు వేసుకునే మస్కారా వల్ల నల్లగుడ్డు మీద పుండ్లు పడిన సంఘటనలను వివరించారు. మస్కారా బ్రష్ పొరపాటున కంటికి తగిలి, నల్లగుడ్డు మీది పారదర్శక పొరను గీకింది. ఆ గీత గుండా మస్కారాలో పెరిగిన సూడోమోనాస్ ఎరుజినోసా లోపలికి చేరింది. ఈ బాక్టీరియా కంటిలో చేరితే చాలా త్వరగా కణజాలాన్ని కరిగిస్తుంది. వెంటనే చికిత్స అందకపోతే చూపు పోయే ప్రమాదం ఉంది. ఇక్కడ గండి చాలా చిన్నది. నష్టం మాత్రం చాలా పెద్దది.

మూడోది 2006 ఆగస్టులో స్పెయిన్‌లోని బార్సిలోనాలో జరిగింది. ఒక ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ విభాగంలో 18 రోజుల వ్యవధిలో అయిదుగురు రోగుల నమూనాల్లో బర్ఖోల్డేరియా సెపేషియా అనే బాక్టీరియా కనిపించింది. చివరకు అది రోగుల ఒంటికి రాసే తేమ లోషన్‌లో దొరికింది. ఈ బాక్టీరియా కొన్ని నిల్వకారకాలను కూడా తట్టుకుని బతకగలదు.

ఈ మూడింటిలోనూ ఒక విషయం ఉమ్మడిగా ఉంది. ఆ సాధనాలను చూసి అవి పాడయ్యాయని ఎవరూ అనుకోలేదు. గ్రాముకు లక్ష బాక్టీరియాలున్నా క్రీము తెల్లగా, సువాసనగానే ఉండవచ్చు. వాసన మారితే పాడయినట్లే. కానీ వాసన మారలేదు కాబట్టి బాగుందని చెప్పలేం.

నిల్వకారకం ఎలా పనిచేస్తుంది?

సూక్ష్మజీవులను చంపడానికి లేదా పెరగకుండా ఆపడానికి కొద్ది మొత్తంలో కలిపే రసాయనమే నిల్వకారకం. ఇంగ్లీషులో దీన్ని ప్రిజర్వేటివ్ అంటారు. పారాబెన్‌లు, ఫినాక్సీఎథనాల్, సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ వంటి పేర్లు మీ ఇంట్లోని సీసాల మీద కనిపిస్తాయి. కొన్ని కణపు పొరను దెబ్బతీస్తాయి. కొన్ని కణం లోపలి ఎంజైములను అడ్డుకుంటాయి.

నిల్వకారకాన్ని తగినంత వేస్తే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. వేసినదంతా పనిచేయదు. దీనికి మూడు కారణాలు చూద్దాం.

మొదటి కారణం, ఆమ్ల గుణం. సోడియం బెంజోయేట్‌ను తీసుకోండి. నీటిలో అది కొంత బెంజోయిక్ ఆమ్ల అణువులుగా, కొంత బెంజోయేట్ అయాన్లుగా ఉంటుంది. విద్యుదావేశం లేని ఆమ్ల అణువు బాక్టీరియా పొరలోంచి తేలిగ్గా దూరిపోతుంది. ఆవేశం ఉన్న అయాను అంత తేలిగ్గా దూరలేదు. బెంజోయిక్ ఆమ్లం పి.కె.ఎ. విలువ సుమారు 4.2. అంటే మిశ్రమం పి.హెచ్. 4.2 ఉంటే సగం అణువులు పనికి వస్తాయి. పి.హెచ్. 5.2 అయితే వాటా దాదాపు 9 శాతానికి పడిపోతుంది. 6.2 అయితే ఒక శాతమే మిగులుతుంది. వేసిన మోతాదు మారలేదు, పనిచేసే భాగం మాత్రం యాభై నుంచి ఒకటికి వచ్చింది. రసాయనశాస్త్రం తరగతిలో మీరు చేసే హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణం లెక్కే ఇది. పరీక్ష కోసం చదివిన సూత్రం షాంపూ సీసాలో కనిపిస్తోంది, చూశారా!

రెండో కారణం, నూనె. బాక్టీరియా పెరిగేది ఎమల్షన్‌లోని నీటి భాగంలో. కానీ పారాబెన్‌ల వంటివి నూనెలో ఇంకా బాగా కరుగుతాయి. అందువల్ల వేసిన దానిలో చాలా భాగం నూనె బిందువుల్లోకి వెళ్లిపోతుంది. దొంగ వీధిలో తిరుగుతుంటే కాపలాదారు ఇంట్లో కూర్చున్నట్లు ఉంటుంది. నూనెను, నీటిని కలిపే పాలిసార్బేట్ వంటి పదార్థాలు కూడా పారాబెన్‌లను తమ గుంపుల్లో బంధించి ఉంచుతాయి. నీటిలో తేలిగ్గా కరిగే మిథైల్ పారాబెన్‌ను, సూక్ష్మజీవుల మీద ఎక్కువ బలం చూపినా నీటిలో తక్కువ కరిగే ప్రొపైల్ పారాబెన్‌ను కలిపి వాడడానికి ఇదొక కారణం.

మూడో కారణం, శత్రువు కవచం. సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు కణకవచం బయట మరొక పొర ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం అయాన్లు ఆ పొరను బిగించి ఉంచుతాయి. ఇ.డి.టి.ఎ. అనే పదార్థం ఈ అయాన్లను లాగేసుకుంటుంది. పొర వదులవుతుంది, నిల్వకారకం లోపలికి వెళ్లే దారి ఏర్పడుతుంది. ఇ.డి.టి.ఎ. తానుగా గొప్ప నిల్వకారకం కాదు. తలుపు తీసి ఇచ్చే తోడు మాత్రమే.

కాబట్టి ఒక క్రీములో ఫలానా నిల్వకారకం ఇంత శాతం ఉందని తెలిసినంత మాత్రాన ఆ క్రీము సురక్షితమని చెప్పలేం. మొత్తం మిశ్రమాన్ని పరీక్షించి చూడాల్సిందే.

సవాలు పరీక్ష

ఆ పరీక్షను నిల్వకారక సామర్థ్య పరీక్ష అంటారు. వాడుకలో సవాలు పరీక్ష అని కూడా అంటారు. ఎందుకంటే ఇందులో కావాలనే సూక్ష్మజీవులను క్రీములోకి పంపి, "వీటిని ఎదుర్కో చూద్దాం" అని సవాలు విసురుతాం. 2012లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 11930 ప్రమాణం ఈ పద్ధతిని వివరిస్తుంది.

ముందుగా ఇంతకుముందు చెప్పిన నాలుగు సూక్ష్మజీవులతోబాటు ఆస్పర్జిల్లస్ బ్రసిలియెన్సిస్ అనే బూజును కూడా విడివిడిగా పెంచుతారు. క్రీమును భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో సూక్ష్మజీవిని కలుపుతారు. బాక్టీరియా అయితే గ్రాముకు లక్ష నుంచి పది లక్షల దాకా ఉండేలా చూస్తారు. మీ వేలితో వెళ్లే వాటికంటే ఇది చాలా ఎక్కువ. తర్వాత 7, 14, 28 రోజులకు కొంత కొంత తీసి, ఇంకా ఎన్ని బతికి ఉన్నాయో లెక్కిస్తారు.

ఫలితాన్ని లాగరిథమ్‌లలో చెబుతారు. పది లక్షలు లక్షకు తగ్గితే ఒక లాగ్ తగ్గుదల. పది వేలకు తగ్గితే రెండు. వెయ్యికి తగ్గితే మూడు, అంటే 99.9 శాతం చనిపోయినట్లు. ఈ ప్రమాణంలోని కఠినమైన మొదటి శ్రేణిని అందుకోవాలంటే ఏడు రోజుల్లో బాక్టీరియా కనీసం మూడు లాగ్‌లు తగ్గాలి. ఆ తర్వాత 28వ రోజు వరకు మళ్లీ పెరగకూడదు. ఈస్టు ఏడు రోజుల్లో ఒక లాగ్ తగ్గాలి. బూజు గట్టి పిండం కాబట్టి దానికి 28 రోజుల్లో ఒక లాగ్ తగ్గితే చాలు.

"తర్వాత పెరగకూడదు" అన్న షరతు ఎందుకు? మొదట్లో చాలా బాక్టీరియాలు చనిపోయి, తట్టుకోగలిగినవి కొన్ని మిగిలి, నెమ్మదిగా సంఖ్య పెంచుకోవచ్చు. ఏడో రోజు మాత్రమే చూసినవారికి అది విజయంలా కనిపిస్తుంది.

ఇందులో ఇంకో మెళకువ ఉంది. బతికి ఉన్నవాటిని లెక్కించడానికి క్రీము నమూనాను పోషకాలున్న గాజు పళ్లెంలో వేస్తాం. నమూనాతోబాటు నిల్వకారకం కూడా పళ్లెంలోకి వస్తుంది. అది అక్కడా బాక్టీరియాను పెరగనివ్వకపోతే, బతికి ఉన్నవి కూడా చచ్చినట్లు లెక్కలోకి వస్తాయి. అందుకే ముందుగా లెసిథిన్, పాలిసార్బేట్ వంటివి కలిపి నిల్వకారకం శక్తిని పోగొడతారు. అలా పోయిందని వేరే పరీక్షతో రుజువు చేసుకున్నాకే లెక్కను నమ్ముతారు. పళ్లెంలో ఏమీ పెరగకపోతే "సూక్ష్మజీవులు లేవు" అని వెంటనే అనకూడదు. "లేవా? ఉండి కూడా పెరగలేకపోయాయా?" అని అడగాలి. ప్రయోగశాలలో పనిచేయాలనుకునే వారికి ఈ ప్రశ్న అలవాటు కావాలి.

ఇప్పుడు షాంపూ సీసా దగ్గరకు

సవాలు పరీక్ష నెగ్గిన షాంపూలో నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఉన్న షాంపూకు సమానంగా నీరు పోశామనుకోండి. నిల్వకారకం గాఢత సగమవుతుంది. దాని శక్తి కూడా సగమవుతుందా? కాదు. చాలా నిల్వకారకాల శక్తి గాఢత కంటే వేగంగా పడిపోతుంది. ఎంత వేగంగా అన్నది గాఢత ఘాతాంకం అనే సంఖ్య చెబుతుంది. పారాబెన్‌లకు అది సుమారు 2.5. గాఢత సగమైతే చంపే వేగం 2 ఘాతం 2.5 వంతున, అంటే దాదాపు అయిదున్నర రెట్లు తగ్గుతుంది. ఫినాల్‌కు ఈ సంఖ్య సుమారు 6. దానికి 64 రెట్లు తగ్గుతుంది.

అంతటితో అయిపోలేదు. నీరు పోయడం వల్ల జల క్రియాశీలత పెరిగింది. పి.హెచ్. మారి ఉండవచ్చు. కుళాయి నీటితో కొత్త బాక్టీరియా వచ్చింది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఇ.డి.టి.ఎ.ను తమతో కట్టిపడేస్తాయి. కంపెనీ పరీక్షించినది ఒక మిశ్రమం, మన సీసాలో ఇప్పుడున్నది మరొకటి. ఆ రెండో మిశ్రమాన్ని ఎవరూ పరీక్షించలేదు. హాస్టలు అమ్మాయి సీసాలో ఇలా మూడుసార్లు జరిగింది.

నిల్వకారకం అంటే హద్దులేని శక్తి కాదు, ఖర్చయ్యే శక్తి. మామూలుగా వాడేటప్పుడు అప్పుడప్పుడు వచ్చే కొద్దిపాటి సూక్ష్మజీవులను అది అదుపు చేస్తుంది. రోజూ తడి వేళ్లు ముంచితే, నీరు కలిపితే, మూత తీసి పెడితే అది ఓడిపోవచ్చు. బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడుకలో ఉన్న 467 సౌందర్య సాధనాలను పరీక్షించి 2019లో ఫలితాలు వెల్లడించారు. పదింటిలో దాదాపు ఎనిమిది, తొమ్మిదింటిలో బాక్టీరియా ఉంది. మేకప్ స్పాంజిల్లో అది మరీ ఎక్కువ. వాటిని తడిగా వాడతారు, చాలామంది ఒక్కసారి కూడా కడగరు.

మరి ఎక్కువ వేస్తే?

ఇంత ఇబ్బంది ఎందుకు, బలమైన నిల్వకారకాన్ని ఎక్కువగా వేస్తే సరిపోదా? ఇక్కడే అసలు చిక్కు. బాక్టీరియా కణాన్ని దెబ్బతీసేది మన చర్మ కణాన్ని పూర్తిగా వదిలేస్తుందని నమ్మకం లేదు.

మిథైల్ ఐసోథయజోలినోన్ కథ దీనికి మంచి ఉదాహరణ. ఇది చాలా తక్కువ మోతాదులో బాగా పనిచేస్తుంది. 2005లో ఐరోపా దేశాలు దీన్ని సౌందర్య సాధనాల్లో విడిగా 0.01 శాతం వరకు వాడడానికి అనుమతించాయి. కొన్నేళ్లలోనే చర్మ వైద్యుల దగ్గరకు దురద, ఎర్రదనం, పొక్కులతో వచ్చేవారి సంఖ్య బాగా పెరిగింది. అమెరికా చర్మ వైద్యుల సంఘం ఒకటి 2013లో దీన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. 2017 నుంచి ఐరోపాలో ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో దీన్ని నిషేధించారు. కడిగేసే షాంపూల వంటి వాటిలో హద్దును 0.0015 శాతానికి తగ్గించారు.

పారాబెన్‌ల కథ వేరు. ఇవి 1920ల నుంచి వాడుకలో ఉన్నాయి. 2004లో బ్రిటన్‌లో 20 రొమ్ము కణితుల నమూనాల్లో పారాబెన్‌లు కనిపించాయన్న పరిశోధన వచ్చింది. అవి అక్కడ ఉన్నాయని ఆ పరిశోధన చూపింది. క్యాన్సర్‌కు అవే కారణమని చూపలేదు. ఆరోగ్యకరమైన కణజాలంతో పోల్చనూ లేదు. 2014లో ఐరోపా దేశాలు జాగ్రత్తగా ప్రొపైల్, బ్యుటైల్ పారాబెన్‌ల హద్దును 0.14 శాతానికి తగ్గించి, సరైన భద్రతా సమాచారం లేని మరికొన్నింటిని నిషేధించాయి. మిథైల్ పారాబెన్ పాత హద్దుల్లోనే కొనసాగింది. మరోవైపు, చర్మపు అలర్జీ విషయంలో పారాబెన్‌లు చాలా సౌమ్యమైనవని తేలింది. 2013లో మిథైల్ ఐసోథయజోలినోన్‌ను తప్పుపట్టిన సంఘమే 2019లో పారాబెన్‌లను ఆ ఏటి "అలర్జీ కలిగించని" పదార్థంగా పేర్కొంది.

చాలా కంపెనీలు పారాబెన్‌లకు భయపడి వదిలేస్తున్న ఆ ఏళ్లలోనే మిథైల్ ఐసోథయజోలినోన్ వాడకం పెరిగింది. ఒక భయం నుంచి తప్పించుకోబోయి మరో ఇబ్బందిలో పడడం అంటే ఇదే. అందుకే ఒక నిల్వకారకాన్ని తీసేస్తామన్నప్పుడు, దాని స్థానంలో ఏది వస్తోందని కూడా అడగాలి.

"నిల్వకారకాలు లేనిది" అన్న చీటీ చూసి మురిసిపోవద్దు, భయపడనూ వద్దు. అది నీరు లేని నూనె, మైనం, పొడి అయితే ఆ మాట సహజమే. గాలి చొరబడని పంపు సీసాలో ఉంటే కొంతవరకు అర్థం ఉంది. కానీ నీరున్న క్రీము వెడల్పు మూతి డబ్బాలో ఉండి, నిల్వకారకం లేదంటే, సూక్ష్మజీవులను మరేది ఆపుతోందని అడగాల్సిందే. ఇంట్లో కలబంద గుజ్జు తీసి వారాల తరబడి దాచుకునేవారు కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి. సహజమైనది కదా అనవచ్చు. బాక్టీరియా కూడా సహజమైనదే! అప్పటికప్పుడు తీసి వాడుకోవడమే మేలు.

మీరు చేయగలిగినవి

శాస్త్రం తెలిశాక జాగ్రత్తలను బట్టీ పట్టనక్కరలేదు. ప్రతి దానికీ కారణం మీకు తెలుసు.

క్రీము తీసే ముందు చేతులు కడిగి, తుడిచి ఆరనివ్వండి. వీలైతే వేలికి బదులు పొడి చెంచా వాడండి. వెడల్పు డబ్బా కంటే గొట్టం, పంపు సీసా మేలు.

షాంపూలో, లోషన్‌లో నీరు కలిపి దాచకండి. అడుగున మిగిలినది కావాలంటే ఆ పూటకు నీళ్లతో కడిగి వాడేసి సీసా పారేయండి. ఎండిపోయిన మస్కారా, ఐలైనర్‌లో నీరు గాని, ఉమ్మి గాని కలపకండి. మస్కారాను మూడు నెలలకు మించి వాడకపోవడం మంచిది.

సీసా మీద తెరిచిన డబ్బా బొమ్మ, అందులో "12" అన్న అంకె కనిపిస్తే, మూత తీశాక 12 నెలల్లో వాడేయాలని అర్థం. తెరిచిన తేదీని పెన్నుతో సీసా మీద రాసుకోండి. గడువు తేదీ వేరు, ఇది వేరు.

స్పాంజిలను, బ్రష్‌లను సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. కంటి కలక ఉన్నప్పుడు కంటికి ఏ అలంకరణా వద్దు. అప్పుడు వాడిన కాటుకను తర్వాత పారేయండి. కంటిలో నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే కంటి వైద్యుని దగ్గరకు వెళ్లండి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు ఆ కాటుక విషయం. కాలేజీ వార్షికోత్సవం రోజు ఒకే కాటుక పెన్సిలు గదిలోని అందరి కళ్లకూ తిరగడం మీకు తెలిసిందే. కాటుకలో నీరు లేదు, బాక్టీరియా పెరగదు కదా అని ఎవరైనా అంటే ఏం జవాబు చెబుతారు? పెరగక్కరలేదు, ఒక కంటి నుంచి ఇంకో కంటికి చేరేదాకా బతికి ఉంటే చాలు. ఆ కొద్ది నిమిషాల్లో ఏ నిల్వకారకమూ దాన్ని ఆపలేదు. సవాలు పరీక్షలో కూడా దానికి ఏడు రోజుల గడువిచ్చాం, గుర్తుందా? స్నేహితురాలికి చీర ఇవ్వండి, గాజులు ఇవ్వండి. కాటుక మాత్రం ఎవరిది వారిదే.

ఆలోచించండి, చేయండి

1. మీ ఇంట్లోని అయిదు సాధనాల చీటీలు చదవండి. మొదటి పదార్థం నీరా? అందులో నిల్వకారకం ఏది? నీరు లేనివాటిలో నిల్వకారకం ఉందా?

2. ఒక లోషన్ పి.హెచ్. 5.2. అందులో 0.5 శాతం సోడియం బెంజోయేట్ ఉంది. ఆవేశం లేని రూపంలో ఉన్నది దానిలో ఎంత వంతు? పి.హెచ్. 4.2కు తగ్గిస్తే ఎన్ని రెట్లు పెరుగుతుంది?

3. ఒక క్రీములో ఏడో రోజున బాక్టీరియా పది లక్షల నుంచి 500కు తగ్గి, 28వ రోజుకు 50,000 అయింది. ఈ క్రీము పరీక్ష నెగ్గినట్లేనా? ఎందుకు?

బాక్టీరియాను ఇంట్లో పెంచి చూసే ప్రయత్నం మాత్రం చేయకండి. ఆ పని అధ్యాపకుల పర్యవేక్షణలో ప్రయోగశాలలోనే జరగాలి.

ఆవకాయ జాడీని ఏడాది పాటు కాపాడేది లోపలి ఉప్పూ నూనే కాదు, జాడీ దగ్గరకు పొడి గరిటెతో వెళ్లే చెయ్యి కూడా. క్రీము డబ్బా విషయమూ అంతే. సగం పని తయారుచేసినవారు చేసి పంపారు. మిగతా సగం మూత తీసే మన చేతిలో ఉంది.